మబ్బు కదలకపోతే...

కంప్యూటర్ తెర మీద కుడివైపు అడుగున, గడియారం పక్కన చిన్న మబ్బు బొమ్మ ఒకటుంటుంది. నెలల తరబడి దానివంక చూడనే చూడం. అవసరం ఎప్పుడొస్తుందంటే, ఫైలు కనపడనప్పుడే! 'నిన్న సాయంత్రం ఆఫీసులో సేవ్ చేశా... ఇంటి దగ్గర ల్యాప్‌టాప్‌లో తెరిస్తే మొన్నటిది వస్తోందేంటి?' 'ఒకే పేరుతో రెండు ఫైళ్లు కనిపిస్తున్నాయి, ఏది అసలుది?' ఆన్‌లైన్ డిస్కు వాడే ఏ ఆఫీసులోనైనా ఈ మాటలు మామూలే.

బెజవాడలో ఈ సంగతి ప్రాణం మీదికి తెచ్చింది మాత్రం ఒక ఆదివారం. 2024 సెప్టెంబరు 1. ముందురోజంతా కుండపోత. బుడమేరుకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీళ్లలో మునిగాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బుడమేరు మూడు గండ్లూ పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది. మేడల మీద చిక్కుకున్న జనం అవస్థలు టీవీల్లో అందరూ చూశారు. కింది అంతస్తుల్లోని చిన్న ఆఫీసుల సంగతి అంతగా బయటికి రాలేదు. సీపీయూ ఎక్కడుంటుంది? బల్ల కింద, నేల మీద. దానికి మోకాలెత్తు నీళ్లు చాలు.

అప్పుడు పడిన నీళ్లు ఆగినా, తేదీలు ఆగవు. నెల 11న జీఎస్టీఆర్-1, 20న త్రీబీ, నెలాఖరుకు ఇన్‌కంట్యాక్స్ ఆడిట్ రిపోర్టు (ఆ ఏడాది దీన్ని అక్టోబరు 7 దాకా పొడిగించారు). ఇన్సూరెన్సు వాళ్లు సరుకు లెక్కలు, కొన్న బిల్లులు అడుగుతారు. అవన్నీ ఆ మునిగిన డబ్బాలో ఉంటే? 'ఫర్వాలేదు, క్లౌడ్‌లో ఉన్నాయి' అనగలిగినవారు ఇంకో కంప్యూటర్ ముందు కూర్చుని పని మొదలుపెట్టుకోవచ్చు. 'ఉండాలి మరి...' అని నసిగేవారి పరిస్థితే అయోమయం. మబ్బు బొమ్మ ఎన్నాళ్ల కిందట ఆగిపోయిందో వారికి తెలియదు కనుక.

ఇంతకీ సింక్ అంటే ఏమిటి? మీ కంప్యూటర్లో ఒక ఫోల్డరు, కంపెనీవారి సర్వర్లో దాని జంట. ఇక్కడ మారితే అక్కడ మారుతుంది, అక్కడ మారితే ఇక్కడ. వన్‌డ్రైవ్ అయినా, గూగుల్ డ్రైవ్ అయినా, డ్రాప్‌బాక్స్ అయినా చేసే పని ఇదే. ఇందులోనే ఒక మెలిక ఉంది. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది! అంచేత సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఈ తేడా పట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

ముందు ఏది కొత్తదో చూడండి

సింక్ ఆగిందనగానే చాలామంది చేసే పని, ప్రోగ్రామును తీసేసి మళ్లీ వేయడం. టీవీ ఆడకపోతే పైన రెండు దెబ్బలు వేసినట్టు! ఇక్కడ మాత్రం అది ప్రమాదం. పైకి వెళ్లకుండా మీ కంప్యూటర్లోనే ఉండిపోయిన ఫైళ్లు ఆ గొడవలో పోవచ్చు. 2023 నవంబరులో ప్రపంచమంతటా గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ ప్రోగ్రాము వాడేవారికి ఇదే భయం పట్టుకుంది. 84వ వెర్షన్‌లో లోపం వల్ల కొందరికి ఫైళ్లు కనపడకుండా పోయాయి. అప్పుడు గూగుల్ చెప్పిన మొదటి మాట ఏమిటో తెలుసా? 'డిస్కనెక్ట్ ఎకౌంట్ నొక్కకండి. డ్రైవ్ తాలూకు డేటా ఫోల్డరును కదపకండి' అని. ఆ తర్వాతే వాటిని వెనక్కి తెచ్చే ఉపాయం అందించింది.

కాబట్టి ముందు ఫోన్లోనో, పక్క కంప్యూటర్లోనో బ్రౌజరు తెరిచి అదే ఎకౌంటుతో లోపలికి వెళ్లండి. కావలసిన ఫైలు అక్కడుందా? ఉంటే ఏ తేదీ, ఏ గంటది? మీ సిస్టమ్‌లోది ఎప్పటిది? సిస్టమ్‌లోదే కొత్తదైతే, దాన్ని సింక్ ఫోల్డరు బయట... డీ డ్రైవులోనో, పెన్‌డ్రైవులోనో ఒక కాపీ వేసుకోండి. ఆ తర్వాత ఎన్ని ప్రయోగాలైనా చేయొచ్చు. ఈ ఒక్క పనికి పట్టేది ఐదు నిమిషాలు. ఇది చేయకుండా సాయంత్రమంతా కుస్తీపట్టినా లాభం లేదు.

ఎక్కడ ఆగింది?

డెల్టా రైతుకు ఇది కొత్త విద్య కాదు. చివరి పొలానికి నీరందకపోతే పొలంలో నిలబడి తిట్టుకోడు, కాలువ గట్టు పట్టుకుని పైకి నడుస్తాడు. ఎక్కడ ఆగిందో చూస్తాడు. మనమూ మబ్బు బొమ్మ మీద ఒకసారి క్లిక్ చేద్దాం. వన్‌డ్రైవ్‌లో ఎర్ర గుండ్రంలో తెల్ల ఇంటూ ఉంటే ఏదో ఫైలు దగ్గర ఇరుక్కుంది, దాని పేరు అక్కడే కనిపిస్తుంది. రెండు నిలువు గీతలుంటే పాజ్‌లో ఉంది. బూడిదరంగు మబ్బుకు అడ్డగీత ఉంటే అసలు సైన్ ఇన్ కాలేదు. పాస్‌వర్డు మార్చి ఈ కంప్యూటర్లో మార్చడం మరిచిపోతే జరిగేది ఇదే.

అన్నీ సరిగ్గానే ఉన్నట్టుండి, 'కనెక్ట్ కావడం లేదు' అంటుంటే? నెట్ వస్తోంది, ఇది మాత్రం మొండికేస్తోంది. అప్పుడు పక్కనే ఉన్న గడియారం చూడండి. తేదీ తప్పుగా ఉందా? పాత సిస్టమ్‌లలో మదర్‌బోర్డు మీద బొత్తాంలాంటి బ్యాటరీ ఒకటుంటుంది. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా గడియారం ఏ పదేళ్లో వెనక్కి పోతుంది. సర్వరుతో భద్రంగా మాట్లాడాలంటే రెండువైపులా తేదీ కలవాలి కదా! అటువాళ్ల సర్టిఫికెట్టు మీ సిస్టమ్ లెక్క ప్రకారం ఇంకా పుట్టనే లేదు మరి. తేదీ సరిచేస్తే పని జరుగుతుంది. బ్యాటరీ మార్చకపోతే మళ్లీ కరెంటు పోయిన రోజున మళ్లీ ఇదే కథ. 2032 నంబరు బ్యాటరీ అని అడిగితే గడియారాల షాపులోనైనా ఇస్తారు. పెద్ద ఖరీదూ కాదు. ఇంత చిన్నదానికి సర్వీసింగ్ మనిషిని పిలిచి డబ్బులిచ్చేవారు ఎందరో!

ఇంకోటి, కరెంటు పోయి రూటరు ఆగినప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటాం. ఆ కనెక్షన్‌ను విండోస్ 'మీటర్డ్'గా లెక్కేస్తే, మీ డేటా ఖర్చు కాకూడదని వన్‌డ్రైవ్ తనంతట తాను ఆగుతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ సేవర్లో పడినా అంతే. అది లోపం కాదు, మంచితనం! బొమ్మ మీద క్లిక్ చేసి 'రెజ్యూమ్' అంటే కదులుతుంది. పైకి పంపే వేగం కూడా చూసుకోండి. మనకు పెద్ద అంకెల్లో చెప్పేది కిందికి దిగే వేగం. పైకి పోయే వేగం సెకనుకు 5 మెగాబిట్లు ఉందనుకుంటే, 10 జీబీ పెళ్లి వీడియో పోవడానికి నాలుగున్నర గంటలు పడుతుంది. దాని వెనక వరసలో మీ బిల్లుల ఎక్సెల్ షీటు నిలబడొచ్చు. ఆఫీసు ఫోల్డర్లో పెళ్లి వీడియో ఎందుకుందని అడక్కండి, ఉంటుంది.

ఇక జాగా. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అదీ జీమెయిల్, ఫొటోలు, డ్రైవ్ మూడింటికీ కలిపి. వన్‌డ్రైవ్ 5 జీబీ. కొత్త విండోస్ 11 కంప్యూటర్ కొన్నప్పుడు సెటప్‌లో గబగబా 'నెక్స్ట్' కొట్టుకుంటూ పోతే, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌లోకి వెళ్లిపోతాయి. మనవాళ్లకు డెస్క్‌టాపే బీరువా కదా... ఆ 5 జీబీ నాలుగు రోజుల్లో నిండుతుంది. నిండాక కొత్తవి పైకి పోవు. కంగారుపడి 'బ్యాకప్ ఆపెయ్' అన్నారనుకోండి, డెస్క్‌టాప్ మీది ఫైళ్లు మాయం! నిజానికి పోవు, వన్‌డ్రైవ్ ఫోల్డర్లోపల ఉన్న డెస్క్‌టాప్ ఫోల్డర్లో ఉంటాయి. అక్కణ్నుంచి తెచ్చుకోవాలి.

సిస్టమ్ మరీ పాతదైతే ఈ కుస్తీ అంతా దండగ. విండోస్ 7, 8లలో వ్యక్తిగత వన్‌డ్రైవ్ సింక్‌ను 2022 మార్చి 1 నుంచి ఆపేశారు. గూగుల్ డ్రైవ్ ప్రోగ్రాముకూ విండోస్ 10 లేదా ఆ తర్వాతిదే కావాలి. ఆ విండోస్ 10కి కూడా మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత సిస్టమ్ మీదే నడవక తప్పదంటే, బ్రౌజరులోంచి చేత్తో అప్‌లోడ్ చేసుకోవడమే దారి.

ట్యాలీ ఉన్నవాళ్లు ఇది తప్పక చదవాలి

అకౌంట్లు రాసే ఆఫీసుల్లో కనిపించే పెద్ద చిక్కు ఇది. ట్యాలీ డేటా ఫోల్డరునే తీసుకెళ్లి సింక్ ఫోల్డర్లో పెట్టేస్తారు. 'ఎప్పటికప్పుడు పైకి పోతుంది, బ్యాకప్ గొడవ లేదు' అని ధీమా. కానీ ట్యాలీ నడుస్తున్నంతసేపూ ఆ ఫైళ్లు తెరిచే ఉంటాయి, నిమిష నిమిషానికీ మారుతుంటాయి. ఒక కంపెనీ లెక్క ఒక్క ఫైలులో ఉండదు, పలు ఫైళ్లు కలిస్తేనే లెక్క. సింక్ ప్రోగ్రాముకు అవన్నీ ఒక జట్టని తెలియదు. ఒకటి ఇప్పటిది, ఇంకోటి పది నిమిషాల కిందటిది పంపుతుంది. అలా పోయినదాన్ని ఇంకో కంప్యూటర్లో తెరిస్తే డేటా చెడిపోయిందంటుంది. గవర్నర్‌పేట ఆఫీసులో ఒకరు, ఇంటి దగ్గర ఇంకొకరు ఒకే కంపెనీని తెరిచారో... ఇక ఎవరి ఎంట్రీలు నిలుస్తాయో చెప్పడం కష్టం.

సరైన పద్ధతి తేలికే. ట్యాలీ డేటా మామూలు ఫోల్డర్లోనే ఉంచండి. సాయంత్రం పని ముగిశాక ట్యాలీలోని బ్యాకప్ ఆప్షన్‌తో బ్యాకప్ తీయండి, ఆ బ్యాకప్‌ను మాత్రం సింక్ ఫోల్డర్లో పెట్టండి. రోజుకో తేదీ పేరుతో ఫోల్డరు. అది మధ్యలో మారదు కనుక నిక్షేపంగా పైకి పోతుంది.

డీటీపీ వాళ్ల బాధ వేరు. విజయవాడ పుస్తకాల ఊరు. ఇక్కడ ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లతో నడిచే చోట్లున్నాయి. క్లౌడ్‌లోంచి దింపుకున్న ఫైలు ఇంకో సిస్టమ్‌లో తెరవగానే తెలుగంతా ఇంగ్లిషు అక్షరాల గజిబిజిగా వస్తే 'సింక్‌లో ఫైలు చెడింది' అనుకుంటారు. చెడలేదు, ఆ సిస్టమ్‌లో ఫాంటు లేదు. ఫాంటు వేస్తే తెలుగు తిరిగొస్తుంది. బొమ్మలు రాకపోతే అవి వేరే ఫోల్డర్లో ఉండిపోయాయని అర్థం. పేజ్‌మేకర్ పెద్ద బొమ్మల్ని తనలో దాచుకోకుండా వాటి అడ్రసు మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. ఫైలు, బొమ్మలు ఒకే ఫోల్డర్లో పెట్టి పంపడం అలవాటు చేసుకోండి.

పొరపాటున చెరిపేస్తే? క్లౌడ్‌లో చెత్తబుట్ట ఉంటుంది. గూగుల్ డ్రైవ్‌లో, వ్యక్తిగత వన్‌డ్రైవ్‌లో 30 రోజులు, ఆఫీసు ఎకౌంటు వన్‌డ్రైవ్‌లో మామూలుగా 93 రోజులు అక్కడుంటాయి. ఫైలు ఉంది కానీ లోపలి అంకెలు ఎవరో మార్చేశారంటే, వెబ్‌లో ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి 'వెర్షన్ హిస్టరీ' చూడండి. పాత రూపాలు దొరుకుతాయి. గడువు దాటితే మాత్రం దొరకవు. అందుకే నెలకోసారి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో విడిగా కాపీ తీసి, దాన్ని ఆఫీసులో కాకుండా ఇంట్లో, వీలైతే మేడ మీద ఉంచండి.

చివరిగా ఎవరూ పట్టించుకోని ఒక సంగతి. మీ ఆఫీసు ఫైళ్లు ఎవరి ఎకౌంటులో ఉన్నాయి? చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్ పెట్టిన మొదటిరోజు, అక్కడ పనిచేసే కుర్రాడు తన జీమెయిల్‌తో డ్రైవ్ తెరుస్తాడు. మిగతావాళ్లందరికీ షేర్ చేస్తాడు. నాలుగేళ్లు హాయిగా గడుస్తాయి. తర్వాత అతనికి హైదరాబాదులో ఉద్యోగం వస్తుంది, వెళ్తూ వెళ్తూ పాత జీమెయిల్ మూసేస్తాడు, లేదా జాగా కోసం తన డ్రైవ్ ఖాళీ చేసుకుంటాడు. అతనిది తప్పు కాదు, ఆ ఫైళ్లకు గూగుల్ లెక్కలో యజమాని అతనే! మీకున్నది చూసే, రాసే అనుమతి మాత్రమే. రేపు ఉదయం ఆఫీసుకెళ్లగానే డ్రైవ్‌ను బ్రౌజరులో తెరిచి, ముఖ్యమైన ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి వివరాల్లో 'ఓనర్' అన్నచోట ఎవరి పేరుందో చూడండి. ఆఫీసు పేరుతో ఒక ఎకౌంటు తెరవండి. దాని పాస్‌వర్డు, రికవరీ ఫోన్ నంబరు యజమాని దగ్గర ఉండాలి. ఫైళ్లను దాంట్లోకి కాపీ చేయించండి. ఆ కుర్రాడు ఇంకా ఆఫీసులో ఉండగానే.