విక్రాంత్ కింది అంతస్తు

గద్వాల దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఒక తాత ఉన్నాడు. ఊరంతా నేవీ తాత అనే పిలుస్తారు, అసలు పేరు చాలామందికి తెలీదు. మా వైపు నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. గద్వాల, వనపర్తి వాళ్ళకు పెద్ద నీళ్ళంటే జూరాల. నాగర్‌కర్నూల్ వాళ్ళకు సోమశిల దగ్గర కృష్ణ. అంతకంటే పెద్ద నీళ్ళు సినిమాల్లోనే. అలాంటి చోటు నుంచి వెళ్ళి ఈయన 1971 యుద్ధంలో ఐ.ఎన్.ఎస్. విక్రాంత్ మీద పనిచేశాడు.

పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి డ్యాములు కట్టారని అందరికీ తెలిసిందే. తాత వాళ్ళ నాన్న కూడా అలా వెళ్ళినవాడే. "మా నాయిన కట్టల పనికి పోయిండు, నేను ఓడ పనికి పోయిన. రెండూ వలసనే గద బిడ్డా" అంటాడు.

పోయిన దసరాకి ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడించాలని నిర్ణయించుకున్నా. రెండేళ్ళుగా అనుకుంటున్న పనే, ఎప్పుడూ ఏదో ఒక రిలీజు అడ్డం. ఈసారి బాగానే తయారై వెళ్ళా. 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమా రెండోసారి చూశా, సీ హాక్, అలీజ్ విమానాల గురించి చదివా, ప్రశ్నలు రాసుకున్నా. ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి మొదటి ప్రశ్న వేశా.

"తాతా, డెక్కు మీంచి విమానాలు ఎట్ల లేస్తుండె?"

"నేనేడ జూసిన బిడ్డా? నేను కింద బాయిలర్ల కాడుంటి."

నా ప్రశ్నల్లో సగానికి సగం అక్కడే పోయాయి :) దాదాపు 700 అడుగుల ఓడ, సుమారు 1,100 మంది మనుషులు, అందులో ఈయన స్టోకర్. నాలుగేసి గంటల వాచీల్లో బాయిలర్ గదిలో డ్యూటీ. యుద్ధం జరిగిన రోజుల్లో విమానం లేవడం ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదట.

కాస్త నిరాశగానే ఉండింది. కానీ ఆయన చెప్పుకుపోతుంటే, నేను తప్పు ప్రశ్న అడిగానని అర్థమైంది.

విక్రాంత్ ఆవిరి ఓడ. ప్రొపెల్లర్లు తిప్పే టర్బైన్లకూ, విమానాన్ని డెక్కు మీంచి విసిరే క్యాటపుల్ట్‌కూ అవే బాయిలర్ల ఆవిరి. విమానం లేవాలంటే ఓడ గాలికి ఎదురు తిరిగి వేగం పెంచుకోవాలి. అంటే పైన విమానం సిద్ధమవుతోందంటే కింద వీళ్ళమీద ఒత్తిడి పెరుగుతుంది. పైగా 1970లోనే విక్రాంత్ బాయిలర్ డ్రమ్ముల్లో పగుళ్ళు కనిపించాయి. వెల్డింగుతో అయ్యే పని కాదు. ఆవిరి ఒత్తిడి తగ్గించి, వేగం తగ్గించి నడపాలని తేల్చారు. ఆ స్థితిలోనే ఓడను బంగాళాఖాతానికి పంపారు. 1971 డిసెంబరు 4న దాని విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. పగిలిన బాయిలర్ ముందు నిలబడి డ్యూటీ చేయడం ఎట్లుంటదని అడిగితే తాత చెప్పింది ఒకే మాట: "దానిదిక్కు జూసుకుంట నిలబడుడే."

మరి పైన యుద్ధం జరుగుతోందని ఎట్ల తెలిసేది?

"కాళ్ళ కింద తెలుస్తుండె. పైన ధడేల్మని ఇసిరితే ఒకటి పోయింది అనుకుంటుంటిమి. తిరిగొచ్చి వైరుకు తగులుకుంటే ఇంకో తీరు అదురు. పోయినయి ఎన్ని, వచ్చినయి ఎన్ని అని లెక్కవెడుతుంటిమి. లెక్క కలిసేదాక ఎవ్వడూ మాట్లాడకపోతుండె."

ఇది నేను చదివిన ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

నీళ్ళ సంగతి కూడా చెప్పాడు. సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రాలు ఓడలోనే ఉంటాయి, కానీ ఆ నీళ్ళలో మొదటి వాటా బాయిలర్లది. ఉప్పు పోతే అవి పాడవుతాయి. మనుషులకు కొలిచి ఇస్తారు. "ఊర్ల బాయికాడ నీళ్ళకు కొట్లాటనే, దర్యా నడుమ గూడ నీళ్ళకు కొట్లాటనే" అని గట్టిగా నవ్వాడు.

ఇంతకీ నేను చెప్పదలుచుకున్నది ఏంటంటే.. ఓడలను దాచుకోవడం మనకు చేతకాలేదు. విక్రాంత్‌ను 1997 జనవరిలో సేవల నుంచి తప్పించారు (నేను పుట్టిన ఏడే). ముంబయిలో 2012 దాకా మ్యూజియంగా ఉంది, 2014లో తుక్కు కింద అమ్మేశారు. సుప్రీం కోర్టు దాకా వెళ్ళినా ఆగలేదు. 2016లో బజాజ్ వాళ్ళు ఆ లోహం వాడి 'వి' అని ఒక బైకు తెచ్చారు. తర్వాత విరాట్. దాన్ని విశాఖకు తెచ్చి హోటలు, మ్యూజియం చేస్తామన్నారు, కాలేదు. 2020 సెప్టెంబరులో గుజరాత్‌లోని అలంగ్ ఒడ్డుకు చేరింది, ముక్కలు కావడానికి. విశాఖ బీచ్‌లో కుర్‌సురా జలాంతర్గామి 2002 నుంచీ ఉంది, అది చిన్నది కాబట్టి సరిపోయింది.

నిజానికి ఓడను ముక్కలు చేశారని నాకు పెద్ద కోపం లేదు. అంత ఇనుమును ఉప్పునీళ్ళలో నిలబెట్టి తుప్పు పట్టకుండా కాపాడటం మామూలు ఖర్చు కాదు. నా కోపం వేరే. మనిషిని మాట్లాడించి దాచడానికి ఖర్చేం లేదు కదా? పెద్ద అధికారులు ఇంగ్లీషులో పుస్తకాలు రాసుకున్నారు, మంచిదే. బాయిలర్ పగుళ్ళ చర్చ నౌకాదళ చరిత్రలో ఉంది. ఆ బాయిలర్ ముందు నిలబడ్డ పాలమూరు పిల్లోడి మాట ఎక్కడుంది? డిసెంబరు 4న నేవీ డే ఫార్వర్డులు మాత్రం మన గ్రూపుల్లో పొద్దున్నుంచే మొదలవుతాయి. పంపేవాళ్ళలో ఎంతమంది తమ ఊళ్ళో ఉన్న మాజీ నావికుడి ఇంటికి వెళ్ళారు? నేనూ రెండేళ్ళు వాయిదా వేసినవాణ్ణే, కాబట్టి ఇందులో నన్నూ కలుపుకునే అంటున్నా.

ఆఫీసులో ఒక మిత్రుడికి చెబితే, "ముసలాళ్ళ జ్ఞాపకాలు నమ్మలేం బాస్, తేదీలు తప్పు చెప్తారు" అన్నాడు. నిజమే, చెప్తారు. యుద్ధం మొదలైనప్పుడు మద్రాసు దగ్గరే ఉన్నామని తాత గట్టిగా అంటాడు. అప్పటికి విక్రాంత్ అండమాన్ వైపు ఉంది. ఘాజీ వెతుకుతూ విశాఖ దాకా వచ్చి డిసెంబరు 3 రాత్రి అక్కడే మునిగింది. కానీ తేదీల కోసం తాత అక్కర్లేదు, అవి పుస్తకాల్లో ఉన్నాయి. సర్వర్ పడిపోయిన రాత్రి ఏం జరిగిందో లాగ్ ఫైలు చెప్తుంది, ఆ రాత్రి షిఫ్టులో ఉన్నవాడు ఎట్లున్నాడో చెప్పదు. ఇది మనకంటే బాగా ఎవరికి తెలుసు?

నా రికార్డింగు నలభై నిమిషాలు వచ్చింది. అందులో సగం ఫ్యాను మోత, మధ్యలో ఎవరిదో కోడి. దీపావళికి మళ్ళీ వెళ్తున్నా, ఈసారి కాలర్ మైకు కొన్నాను. చెవులు సరిగ్గా వినబడటం లేదు కాబట్టి ప్రశ్నలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకెళ్ళాలి.

అన్నట్టు, వచ్చేముందు 2022 సెప్టెంబరులో కొచ్చిలో సేవల్లోకి వచ్చిన కొత్త విక్రాంత్ ఫోటోలు ఫోన్లో చూపించా. చాలాసేపు చూశాడు. బాయిలర్ గది ఏ దిక్కుకుందని అడిగాడు. దీనికి బాయిలర్లు లేవు తాతా, గ్యాస్ టర్బైన్లు, క్యాటపుల్ట్ కూడా లేదు, ముందుభాగం పైకి వంచి కట్టారు, విమానం దాని మీంచి ఉరికి లేస్తుంది అని చెప్పా.

ఫోన్ నా చేతికిచ్చి, "మరి కింద ఉన్నోళ్ళకు పోయింది ఎట్ల తెలుస్తది?" అన్నాడు.