పెరడు చదును చేయించే ముందు ఒక్క వాన చూడండి

"పెరడంతా ఎగుడుదిగుడుగా ఉంది, ముందు జేసీబీ పెట్టించి చదును చేయిస్తాం, మొక్కల సంగతి తర్వాత" అని చాలామంది నాతో అంటుంటారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ డబ్బు ఖర్చు పెట్టొద్దు. కనీసం ఒక మంచి వాన పడేదాకా ఆగండి.

ఎందుకంటే మెరక మీద జేసీబీ ముందుగా గీకేది పై అరడుగు మట్టినే. వానపాములు, సూక్ష్మజీవులు, ఆకులు కుళ్లిన సారం ఎక్కువగా ఉండేది అందులోనే. అది పోయి పల్లంలో అడుగున పడుతుంది, కింద ఉన్న మొరం పైకి తేలుతుంది. ఆ తర్వాత ఎన్ని డ్రమ్ముల జీవామృతం పోసినా ఆ నేల మళ్లీ ప్రాణం పోసుకోవడానికి ఏళ్లు పడుతుంది. అది చాలక బయటి నుంచి ట్రాక్టర్లతో మట్టి తోలిస్తారు. ఎక్కడ పునాది తీస్తే వచ్చిన మట్టో తెలీదు. తుంగ గడ్డలు మాత్రం ఉచితం!

వాన పడేటప్పుడు గొడుగు వేసుకుని పెరట్లోకి వెళ్లండి. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి, ఎక్కడ మట్టిని కోసుకుపోతున్నాయి, అంతా ఫోన్‌లో తీసుకోండి. 5 సెంట్ల జాగా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 2,000 లీటర్ల నీళ్లు. వాలు ఉంటే వాటిని మోటారు లేకుండా మనకి కావలసిన చెట్టు దగ్గరికి పంపొచ్చు.

పని పెద్దదేం కాదు. వాలుకి అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే మట్టంలో కందకం తీయాలి. అడుగు లోతు, అడుగున్నర వెడల్పు చాలు. మట్టం చూడ్డానికి మేస్త్రీలు వాడే నీళ్ల పైపు సరిపోతుంది. తవ్విన మట్టిని కింది వైపు గట్టుగా వేసి, కందకంలో కొబ్బరి డొక్కలు, ఎండుటాకులు నింపేయండి. గట్టు మీద వట్టివేరు గానీ నిమ్మగడ్డి గానీ నాటండి. వట్టివేరు వేళ్లు పక్కలకి పాకకుండా నిటారుగా 2, 3 మీటర్ల లోతుకి దిగుతాయి కాబట్టి గట్టు జారదు. నల్లరేగడి అయితే నీళ్లు తొందరగా ఇంకవు, లోతు తగ్గించుకోండి. ఇంటి పునాదికి, పక్కవాళ్ల ప్రహరీకి కనీసం 10 అడుగులు వదలండి. పెద్ద వానకి కందకం పొంగితే నీళ్లు ఎటు పోవాలో ముందే ఒక దారి పెట్టాలి. లేకపోతే పక్కింటివాళ్లతో గొడవే.

మొక్కల విషయానికొస్తే, మెరక మీద మునగ, సీతాఫలం, కరివేపాకు, బొప్పాయి. మొదట్లో నీళ్లు నిలిస్తే మునగ, బొప్పాయి బతకవు. చదును పెరట్లో వానాకాలం వాటిని కాపాడటం ఎంత కష్టమో పెంచినవాళ్లకి తెలుసు. పల్లంలో అరటి, చేమ వేసి, స్నానాల గది నీళ్లు కూడా అటే మళ్లించండి. మధ్యలో కూరగాయల మడులు.

ఒకచోట నేల నిట్టనిలువుగా దిగిపోతే సిమెంటు గోడ కన్నా సిమెంటు లేకుండా పేర్చిన రాతికట్ట మేలు. రాళ్ల సందుల్లోంచి నీళ్లు కారిపోతాయి, మట్టి ఆగుతుంది. సిమెంటు గోడకి నీళ్లు పోయే రంధ్రాలు పెట్టకపోతే వెనక తడిసిన మట్టి బరువంతా దాని మీదే పడుతుంది.

అసలు చదునే వద్దని నేను అనను. బట్టలు ఆరేసుకోవడానికి, పెద్దవాళ్లు కుర్చీ వేసుకుని కూర్చోడానికి ఇంటిని ఆనుకుని కొంత జాగా చదునుగా ఉండాల్సిందే. ఈశాన్యం పల్లంగా, నైరుతి మెరకగా ఉండాలని వాస్తు చూసేవాళ్లూ ఇంటి చుట్టూ ఆ కాస్తా సరిచేసుకుంటే చాలదా? పెరడంతా తిరగేయడం ఎందుకు?

పైపుతో మట్టం ఎలా చూడాలో కింద వీడియోలో చూపించాను. తొలకరి పడి నేల కాస్త మెత్తబడ్డాక మొదలుపెట్టండి, ఎండిన మొరంలో పలుగు దిగదు.