ఎర్రపూస కనపళ్ళేదా బావా?

డ్రాగన్ ఎంత ఎత్తులో ఉంది?

మా ఇంట్లో ఆదివారం గొడవలన్నీ ఈ ప్రశ్న దగ్గరే మొదలయ్యేవి. నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డులో మా ఇల్లు. అన్నాలు తిన్నాక టేబుల్ తుడిచేసి, గళ్ల కాగితం పరిచి, డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. ఏం చెయ్యాలో మనిష్టం, అది కుదిరిందో లేదో పాచికలు చెప్తాయి. మాకు కథ నడిపేది మా చెల్లి. నేను మంత్రగాణ్ణి. మా మేనమామ కొడుకు, అంటే మా బావ, విలుకాడు. ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్ కత్తులు పట్టుకుని ముందు నడుస్తారు, ముందే చస్తారు.

పాత్రల బదులు గళ్ల మీద నిలబెట్టే వేలెడంత బొమ్మల్ని మినీలు అంటారు. ఒక గడి ఒక అంగుళం, అంటే ఆటలో 5 అడుగులు. నేల మీద నడిచినంతసేపూ ఏ ఇబ్బందీ లేదు, గళ్లు లెక్కపెట్టుకుంటే సరిపోతుంది. రెక్కలున్నది వచ్చిందంటేనే చిక్కు. గాల్లో గళ్లు లేవు కదా.

మొదట్లో ఎత్తు చెల్లి నోట్‌బుక్‌లో ఉండేది. "ఇందాక 40 అడుగులన్నావు, ఇప్పుడు 60 అంటన్నావేంది?" అని ఒకడు. "మధ్యలో పైకి లేచింది, నువ్వు ఫోన్ చూసుకుంటా ఉండావు" అని చెల్లి. ఇట్టాంటి గొడవలో ఎవరు కరెక్టో తేలదు. అంకె ఒక్కరి దగ్గరే ఉంటే మిగతా నలుగురికీ నమ్మడమో పోట్లాడడమో తప్ప వేరే దారి లేదు.

తర్వాత బొమ్మ పక్కన ఒక పాచిక పెట్టాం. 4 చూపిస్తే 40 అడుగులు, 6 చూపిస్తే 60. ఐడియా బానే ఉంది గానీ, టేబుల్ మీద పాచిక కనపడితే మనిషి చెయ్యి ఊరుకోదు. ఎవడో ఒకడు దాన్నే తీసి వేసేవాడు. డ్రాగన్ ఉన్నట్టుండి 10 అడుగులకి పడిపోయేది.

సరే, నిజంగానే ఎత్తులో పెడదామనుకున్నాం. సంజీవని కొండ పట్టుకుని ఎగిరే హనుమంతుణ్ణి బొమ్మల కొలువులో టంగూసు దారంతో వేలాడదీస్తారు చూడండి, అది గుర్తొచ్చింది. కానీ కొలువులో హనుమంతుడు తొమ్మిది రోజులూ ఒకే చోట ఉంటాడు. మా డ్రాగన్ నిమిషానికోసారి జాగా మారుస్తుంది. కాబట్టి దారం వద్దు, కింద పుల్ల ఉండాల్సిందే.

పుల్లతో లెక్క కుదరలేదు. 5 అడుగులకి అంగుళం చొప్పున 60 అడుగులంటే 12 అంగుళాలు. స్కూల్ స్కేలు నిలువునా పెట్టి దాని కొసన బొమ్మ అతికించినట్టు. నెల్లూరు ఎండకి ఫ్యాన్ ఐదు మీద తిరగాల్సిందే. ఆ గాలికి డ్రాగన్ నా మంత్రం అవసరం లేకుండానే కూలిపోయేది. బరువంతా పైన, అడుగేమో రూపాయి బిళ్లంత. పడక ఏమవుతుంది?

ఇది మా ఒక్కళ్ల సమస్య కాదని తర్వాత తెలిసింది. జర్మనీలో ఫెర్డినాండ్ మాక్ అనే ఆయన 1907లోనే చదరంగానికి ఎత్తు కలిపాడు. పేరు రౌమ్‌షాఖ్. 5 గళ్ల వెడల్పు, 5 గళ్ల పొడవు ఉన్న బోర్డులు ఒకదాని మీద ఒకటి ఐదు, మొత్తం 125 గళ్లు. తల తిరిగే ఆట, కానీ ఏ పావు ఏ అంతస్తులో ఉందో ఎవరికీ అనుమానం రాదు. 2004లో ఇటలీ నుంచి వింగ్స్ ఆఫ్ వార్ వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాలతో ఆడే ఆట. తర్వాత అందులో చిన్న విమానం బొమ్మలు కూడా వచ్చాయి. వాటి కింద లోపలంతా కనపడే ప్లాస్టిక్ పుల్లలు ఒకదాని మీద ఒకటి గుచ్చుతారు. విమానం పైకి లేస్తే ఇంకో పుల్ల, దిగితే ఒకటి తీసేయడం. 2012లో వచ్చిన స్టార్ వార్స్ ఎక్స్-వింగ్ వాళ్లయితే ఎత్తునే ఆటలోంచి తీసేశారు. బొమ్మలు పుల్లల మీదే ఉంటాయి, కానీ ఆ ఎత్తుకి ఏ లెక్కా లేదు.

వీటివల్ల నాకు అర్థమైందేంటంటే, టేబుల్ మీద కనపడే ఎత్తు ఆటలో ఉన్న ఎత్తుకి కొలతగా సరిపోనక్కర్లేదు. అది గుర్తు మాత్రమే. ఆ గుర్తు అందరికీ ఒకేలా తెలిస్తే చాలు.

మరి ఎన్ని గుర్తులు కావాలి? దీనికి జవాబు నేలపట్టులో దొరికింది. దొరవారిసత్రం దగ్గర పక్షుల కేంద్రం. 2022లో జిల్లాలు విడగొట్టాక అది తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మా నోటికి ఇప్పటికీ నెల్లూరే. చలికాలంలో చెల్లితో పోయా. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. తిరిగొచ్చేటప్పుడు చెల్లి బండి ఆపమని చూపించింది. పొలం మీద తలకి తగిలేంత కిందగా కొంగలు, వాటిపైన గద్ద, ఇంకా పైన వేడిగాలి పట్టుకుని రెక్క కొట్టకుండా గుండ్రంగా తిరిగే గూడబాతులు, చుక్కల్లాగా. "అడుగులు ఎవడిక్కావాల్రా అన్నా, మూడు ఎత్తులు చాలు" అంది.

అట్టా పుట్టాయి మా మూడు ఎత్తులు. కొంగ ఎత్తులో ఉంటే ఈటె తగులుతుంది. గద్ద ఎత్తుకి బాణాలు, మంత్రాలే పోతాయి. గూడబాతు ఎత్తులో ఉంటే మనది దానికి తగలదు, దానిది మనకి తగలదు. పొట్టి పుల్ల ఒకటే, దానికి ఒక పూస. కొంగకి తెల్లపూస, గద్దకి పచ్చపూస, గూడబాతుకి ఎర్రపూస. చూడ్డానికి బలే ఉండేవి. నాకు నేనే శభాష్ అనుకున్నా.

నేను చేసిన తప్పు అదే.

ఆ ఆదివారం బావ దగ్గర ఒక్కటే మంచి బాణం మిగిలింది. మూడు వారాలు దాచుకున్న బాణం. డ్రాగన్ మీద గురి పెట్టి పాచిక వేశాడు. ఇరవై! అంతకి మించిన అంకె ఆ పాచికలో లేదు. కుర్చీలోంచి లేచి అరిచాడు. చెల్లి మెల్లగా, "బావా, డ్రాగన్ గూడబాతు ఎత్తులో ఉంది. ఎర్రపూస కనపళ్ళేదా?" అంది.

అందరం నవ్వాం. అంతకు ముందు రెండుసార్లు కూడా ఇట్టాగే చేశాడు మరి. "పోయి కళ్లద్దాలు కొనుక్కో బావా" అన్నాను. అన్నది నేనే. బావ ఏమీ మాట్లాడలేదు. పాచికలు డబ్బాలో సర్దుకుని, "పని ఉండాది" అని బండి తీసుకుని పోయాడు. తర్వాతి వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. గ్రూపులో మెసేజ్‌కి నీలం టిక్కులు పడేవి, జవాబు లేదు.

మూడో వారం నేనే పోయి మైపాడు బీచ్‌కి లాక్కొచ్చా. చీకటి పడింది. చేపల బోటు ఒకటి ఒడ్డు వైపు వస్తా ఉంది, దాని ముందు రెండు లైట్లు. "అందులో ఎర్రది ఏ పక్కుంది?" అని అడిగాడు బావ. చెప్పాను. "నాకు రెండూ ఒకే రకంగా కనపడతాయి" అన్నాడు.

బావ ఇంటర్ అయ్యాక మర్చంట్ నేవీకి ప్రయత్నించాడని మా అందరికీ తెలుసు. ఇంట్రెస్ట్ లేక మానేశానన్నాడు, మేం నమ్మాం. అసలు జరిగింది వేరు. డెక్ మీద పని చేసేవాళ్లకి రంగుల పరీక్ష ఉంటుంది. రాత్రిపూట ఓడకి ఎడమ పక్క ఎర్ర లైటు, కుడి పక్క పచ్చ లైటు. ఎదుటి ఓడ ఎటు పోతా ఉందో ఆ రంగుల్ని బట్టే తెలుసుకోవాలి. చుక్కల మధ్య అంకె చదవమనే పుస్తకం ఒకటుంటుంది, జపాన్ డాక్టర్ షినోబు ఇషిహారా 1917లో అచ్చు వేసింది. ఆ పుస్తకం ముందు పెట్టినప్పుడు బావకి చాలా పేజీల్లో చుక్కలే కనపడ్డాయి, అంకె కనపళ్ళేదు. ఆ రోజే మొదటిసారి తెలిసింది తనకి. ఇంట్లో మామకి కూడా చెప్పలేదు.

ఇప్పుడు రొయ్యల చెరువుల దగ్గర పని చేస్తున్నాడు. నీళ్లు పరీక్ష చేసే కిట్‌లో ద్రవం రంగు మారితే చార్టుతో పోల్చి చూడాలి. "ఆ టైముకి ఎవడో ఒకణ్ణి పిలిచి, నువ్వు చూడ్రా, నాకు చేతులు తడి అంటాను" అని నవ్వాడు. అన్నేళ్లుగా అదే సాకు. అన్నిచోట్లా జాగ్రత్తగా తప్పించుకుని, ఆదివారం ఆటకొచ్చి కూర్చుంటే అక్కడా పూసలు పెట్టాను నేను. నాకు ఏమనాలో తోచలేదు. సారీ అన్నాను. "నీకెట్టా తెలుస్తాదిలే" అన్నాడు. నిజమే. కానీ రెండుసార్లు తప్పు చేసినప్పుడు నవ్వే బదులు ఎందుకని అడిగి ఉండొచ్చు.

ఎర్ర, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని మగవాళ్లు మనం అనుకునేదానికన్నా ఎక్కువమందే ఉంటారు. పబ్‌జీ మొబైల్ సెట్టింగ్స్‌లో కలర్‌బ్లైండ్ మోడ్ ఉంది చూడండి, అది వాళ్లకోసమే. ఫోన్‌లో గేమ్ చేసినవాళ్లకి వచ్చిన ఆలోచన టేబుల్ మీద బొమ్మలు పెట్టిన నాకు రాలేదు.

ఆ రాత్రే చెల్లికి చెప్పాం, బావ ఒప్పుకున్నాకే. చెల్లి ఓదార్చలేదు, జాలి పడలేదు. అటక మీద నుంచి మా చిన్నప్పటి ప్లాస్టిక్ బ్లాకుల డబ్బా దించింది. ఒకదాని మీద ఒకటి టక్కుమని కూర్చుంటాయే, అవి. ఇప్పుడు మా స్టాండ్ ఇదీ:

అడుగున వెడల్పాటి ప్లాస్టిక్ మూత, దాని కింద హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇనుప వాషర్లు రెండు అతికించాం. బరువు కిందుంటే ఫ్యాన్ ఎంత తిరిగినా పడదు. వలలకి కట్టే సీసం గుండ్లు మా వైపు ఈజీగా దొరుకుతాయి గానీ వాడొద్దు, సీసం విషం, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. మూత మీద ఒక బ్లాకు అతికించాం, అది అడుగు, లెక్కలోకి రాదు. బొమ్మ కాళ్ల కింద ఇంకో బ్లాకు, అదీ లెక్కలోకి రాదు. ఈ రెంటి మధ్య ఒక బ్లాకు పెడితే కొంగ, రెండైతే గద్ద, మూడైతే గూడబాతు. ఏ రంగు బ్లాకైనా ఫర్వాలేదు, లెక్కే ముఖ్యం. కళ్లు మూసుకుని వేలితో తడిమినా తెలుస్తుంది. కరెంటు పోయినప్పుడు మాకందరికీ పనికొచ్చింది.

ఇంకోటి. బొమ్మ ఎత్తులో ఉంటే, కూర్చున్న చోటుని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో గడి మీద ఉన్నట్టు కనపడుతుంది. అందుకే మూత మీద సరిగ్గా మధ్యలోకి వచ్చేట్టు, బ్లాకు అంచు దాటి కనపడేంత పెద్ద నల్ల స్టిక్కర్ బొట్టు అంటించాం. అది డ్రాగన్ నీడ. నీడ ఏ గడిలో ఉంటే డ్రాగన్ ఆ గడి పైనున్నట్టు.

అడుగులతోనే ఆడాలనుకునేవాళ్లకి ఒక మాట. డ్రాగన్ 60 అడుగుల దూరంలో, 60 అడుగుల ఎత్తులో ఉంటే మీకూ దానికీ మధ్య 60 కాదు, దాదాపు 85. పదో తరగతి పైథాగరస్ గుర్తు చేసుకోండి. కొందరు లెక్క ఎందుకని రెండింట్లో పెద్ద అంకె తీసుకుంటారు. రెండూ తప్పు కాదు. ఏది వాడతారో పాచిక చేతిలోకి తీసుకోకముందే తేల్చుకోండి, వేశాక కాదు.

బావ మళ్లీ వస్తున్నాడు. ఇదంతా రాస్తానంటే, "రాయి, కానీ నేను గురి తప్పే రకం అని మాత్రం రాయొద్దు" అన్నాడు. మామకి కూడా పోయిన నెల చెప్పేశాడు.

మొన్న ఆదివారం మళ్లీ ఒక్క బాణమే మిగిలింది. బావ చెయ్యి చాపి, బ్లాకుల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. "రెండు. గద్ద ఎత్తు. కొడతన్నా" అన్నాడు. ఎవ్వరం ఊపిరి పీల్చలేదు. పాచిక దొర్లి దొర్లి టేబుల్ అంచున ఆగింది.

మూడు.

అంకె చూడగానే చెల్లి పగలబడి నవ్వింది. ఈసారి బావే అందరికన్నా గట్టిగా నవ్వాడు. డ్రాగన్ ఇంకా గాల్లోనే ఉంది. వచ్చే ఆదివారం దాని సంగతి చూస్తాం.