ఆటలో న్యాయం, ఆటలో ఔదార్యం

క్రీడలు విద్యార్థులకు దేహదారుఢ్యాన్నే గాక శీలాన్ని కూడా ప్రసాదిస్తాయని ప్రతి వార్షికోత్సవ సభలోనూ వింటూ ఉంటాము. ఆ మాటలో సత్యం లేకపోలేదు. కాని నియమమంటే ఏమిటో, ఔదార్యమంటే ఏమిటో, ఆ రెంటికీ గల సంబంధమేమిటో విచారించకుండా 'క్రీడాస్ఫూర్తి' అనే పదాన్ని వల్లించడం వల్ల మేలు కంటె కీడే ఎక్కువని మా అభిప్రాయం. క్రికెట్‌లో బౌలర్‌కు సంబంధించిన నియమాలను ఆధారంగా చేసుకొని ఈ విషయాన్ని మన విద్యార్థుల ముందు, కళాశాల సంఘం ముందు ఉంచదలచాము.

ఈ ప్రస్తావనకు కారణం ఉన్నది. ఈ సంవత్సరం మన మైదానంలో జరిగిన ఒక పోటీలో మన బౌలర్ బంతి వేయబోతూ ఆగి, తన వైపునున్న వికెట్లను పడగొట్టాడు. ఆ కొసన నిలువవలసిన ఎదుటి జట్టు బ్యాట్స్‌మన్ అప్పటికే గీత దాటి రెండడుగులు ముందుకు పోయి ఉన్నాడు. అంపైర్ ఔటిచ్చాడు. మన జట్టు గెలిచింది. అయినా మన విద్యార్థులే ఆ బౌలర్‌ను 'మోసగాడు' అన్నారు. అతనిని జట్టు నుండి తప్పించాలనే సూచన కూడా వచ్చింది. ఇది ఒక విద్యార్థి పరువుకు సంబంధించిన మాట. కనుక తొందరపడక ఆలోచించడం మన విధి.

ముందుగా నియమాన్ని చూద్దాం. వికెట్లకు నాలుగడుగుల ముందు ఒక గీత ఉంటుంది. బంతి వేసేటప్పుడు బౌలర్ ముందరి పాదంలో కొంత భాగమైనా ఆ గీతకు వెనుక ఉండాలి. లేకుంటే అది నోబాల్. ఎదుటి జట్టుకు ఒక పరుగు లభిస్తుంది. ఆ బంతికి వికెట్లు ఎగిరిపోయినా, క్యాచ్ చేతికి చిక్కినా బ్యాట్స్‌మన్ ఔటు కాడు. అంతర్జాతీయ పోటీలలో మోచేయి 15 డిగ్రీలకు మించి సాగినా తప్పే. 2020 నుండి పెద్ద పోటీలలో బౌలర్ పాదాన్ని టెలివిజన్ అంపైర్ కనిపెట్టి చూడడం మొదలైంది. అనగా బౌలర్ అంగుళం దాటినా శిక్ష తప్పదు.

మరి అదే గీత అవతలి కొసన నిలిచిన బ్యాట్స్‌మన్‌కు గీత కాదా? గీత నుండి గీతకు గల దూరం 58 అడుగులు. బంతి బౌలర్ చేయి విడవకముందే ముందుకు జరిగినవాడు ఆ దూరంలో కొంత ఉచితంగా సంపాదించుకున్నట్లే. చివరి ఓవరులో ఒక్క పరుగుకు ప్రాణం పెట్టే సమయంలో అది చిన్న లాభం కాదు. అందువల్లనే అట్టి వానిని రనౌట్ చేసే హక్కును నియమం బౌలర్‌కు ఇచ్చింది. బంతిని సహజంగా విడవవలసిన క్షణం గడిచాక ఈ హక్కు వర్తించదని కూడా నిర్దేశించింది. కనుక గీతలోనే నిలిచినవానికి భయం లేదు.

ఈ హక్కును వినియోగించినందుకు ఒక భారతీయుని పేరు దశాబ్దాల తరబడి నిందకు గురియైంది. 1947 డిసెంబరులో సిడ్నీ టెస్టులో వినూ మన్కడ్ ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ బిల్ బ్రౌన్‌ను ఈ విధంగా ఔటు చేశాడు. కొద్ది వారాల ముందు మరొక పోటీలో అదే బ్రౌన్‌ను ఒకసారి హెచ్చరించి, మరల గీత దాటగా ఔటు చేసి ఉన్నాడు. ఆ టెస్టులో ఆస్ట్రేలియా నాయకుడైన డాన్ బ్రాడ్‌మన్ తన ఆత్మకథలో మన్కడ్‌నే సమర్థించాడు. అయినా ఆ రనౌట్‌కు 'మన్కడింగ్' అనే పేరు స్థిరపడిపోయింది. 1952లో లార్డ్స్‌లో 72, 184 పరుగులు చేసి ఐదు వికెట్లు తీసినవాడు, అదే సంవత్సరం ఢిల్లీలో పాకిస్తాన్‌తో జరిగిన తొలి టెస్టులో 13 వికెట్లు పడగొట్టినవాడు, ఆ రనౌట్‌తోనే లోకానికి గుర్తుండిపోయాడు. మన హైదరాబాదు బౌలర్ గులాం అహ్మద్‌కు ఆ ఢిల్లీ టెస్టులో సహచరుడు ఈ మన్కడే. తప్పు ఎవరిదో విచారించకుండా ఒక మనిషి పేరునే నేరానికి పర్యాయపదంగా వాడడం ఎంత అన్యాయమో మన కళాశాల విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

2022 సెప్టెంబరు 24న లార్డ్స్‌లో దీప్తి శర్మ ఇంగ్లండు క్రీడాకారిణి చార్లీ డీన్‌ను ఇట్లే రనౌట్ చేసి భారత మహిళల జట్టును గెలిపించినప్పుడు కూడా విమర్శలు చెలరేగాయి. ముందుగా హెచ్చరించారా లేదా అన్నదానిపై పెద్ద వాదం నడిచింది. కాని హెచ్చరించి తీరాలని ఏ నియమమూ చెప్పలేదు. అదే సంవత్సరం అక్టోబరు 1 నుండి మేరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ ఈ విషయాన్ని 'అనుచితమైన ఆట'కు సంబంధించిన 41వ నియమం నుండి తొలగించి, రనౌట్‌కు సంబంధించిన 38వ నియమంలో చేర్చింది. మన్కడ్ మీది మచ్చ ఆ విధంగా 75 ఏళ్లకు తొలగింది.

నియమం అనుమతించినదంతా ధర్మమేనా అని కొందరు ప్రశ్నించవచ్చు. కాదనే మా సమాధానం. 1981 ఫిబ్రవరి 1న మెల్‌బోర్న్‌లో చివరి బంతికి న్యూజిలాండ్ సిక్సరు కొడితే పోటీ సమమయ్యేది. ఆస్ట్రేలియా నాయకుడు గ్రెగ్ చాపెల్ తన తమ్ముడు ట్రెవర్ చేత ఆ బంతిని నేల మీద దొర్లించి వేయించాడు. ఆనాటి పోటీ నిబంధనలలో దానికి నిషేధం లేదు. అయినా అది సిగ్గుచేటే. బ్యాట్స్‌మన్ ఏ తప్పూ చేయలేదు. ఆడే అవకాశాన్నే అతని నుండి లాక్కున్నారు. మన్కడ్ చేసినది ఎదుటివాని అక్రమాన్ని ఆపడం. చాపెల్ చేసినది ఎదుటివాని సక్రమమైన ఆటను ఆపడం. ఈ రెంటినీ ఒకే గాట కట్టరాదు.

నియమాన్నే అమ్ముకున్న ఉదాహరణ కూడా ఉన్నది. 2010 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో 18 ఏళ్ల పాకిస్తాన్ బౌలర్ మహమ్మద్ ఆమిర్ ముందుగా కుదిరిన ఒప్పందం ప్రకారం కావాలనే గీత దాటి నోబాల్స్ వేశాడు. ఐదేళ్ల నిషేధం, 2011లో లండన్ న్యాయస్థానం విధించిన ఆరు నెలల శిక్ష దాని ఫలితాలు. అతనితోపాటు నాయకుడూ, మరొక బౌలరూ శిక్షకు పాత్రులైనారు. ఆ వయస్సు మన డిగ్రీ విద్యార్థుల వయస్సే. కొన్ని అంగుళాల గీత ఒక యువకుని జీవితాన్ని ఎంత దూరం విసిరివేయగలదో గమనించండి.

ఇక ఔదార్యం సంగతి. 1987 అక్టోబరులో లాహోరులో ప్రపంచ కప్ పోటీ. చివరి బంతికి పాకిస్తాన్‌కు రెండు పరుగులు కావాలి. మిగిలినది ఒక్క వికెట్టే. వెస్టిండీస్ బౌలర్ కోర్ట్నీ వాల్ష్ పరుగెత్తుకొని వచ్చేసరికి సలీం జాఫర్ గీత దాటిపోయి ఉన్నాడు. వాల్ష్ ఔటు చేయక, హెచ్చరించి వెనుదిరిగాడు. తరువాతి బంతికి అబ్దుల్ ఖాదిర్ రెండు పరుగులు తీశాడు. వెస్టిండీస్ ఆ పోటీ ఓడి, సెమీఫైనల్‌కు చేరలేకపోయింది. 1980లో బొంబాయి టెస్టులో అంపైర్ ఔటిచ్చిన బాబ్ టేలర్‌ను వెనుకకు పిలిచిన గుండప్ప విశ్వనాథ్ కూడా ఓటమినే చవిచూశాడు. వారిద్దరికీ మా నమస్కారం.

ఉర్దూలో 'ఇన్సాఫ్', 'ఎహ్సాన్' అని రెండు మాటలున్నాయి. ఇన్సాఫ్ అడిగి పుచ్చుకోదగినది, అది హక్కు. ఎహ్సాన్ ఇచ్చేవాని ఇష్టం. వాల్ష్ చేసినది ఎహ్సాన్. దానిని మెచ్చుకోవాలి, కాని అట్లా చేయనివానిని నిందించరాదు. దానం చేసినవాడు దాత అయినంత మాత్రాన, చేయనివాడు దొంగ కాడు గదా! గీత దాటినవానిని వదలిపెట్టి, గీతను కాపాడినవానిని మోసగాడనడం క్రీడాస్ఫూర్తి అనిపించుకోదు.

కావున కళాశాల సంఘానికి మా మనవి ఇది. ఆ బౌలర్‌ను తప్పించాలనే సూచనను త్రోసిపుచ్చాలి. ముఖ్యమైన ఆట నియమాలను తెలుగులోనూ ఉర్దూలోనూ చిన్న పుస్తకంగా అచ్చువేయించి ప్రతి క్రీడాకారునికీ ఇవ్వాలి. ఆసక్తిగల విద్యార్థులకు అంపైరింగ్‌లో శిక్షణ ఇప్పించాలి. నియమం తెలియనివాడు దానిని మీరుతున్నానని గాని, దానికి మించిన ఔదార్యం చూపుతున్నానని గాని ఎరుగలేడు.

విద్యార్థులకు చెప్పవలసినది ఒక్కటే. ఎదుటివాని నుండి ఔదార్యాన్ని ఆశించడానికి ముందు మన పాదం గీత వెనుక ఉన్నదో లేదో చూసుకుందాం.