లెక్కకు ముందు నాలుగు ప్రశ్నలు

ఒక మందు గుణమిచ్చినదని చెప్పుట సులభము. దానిని రుజువుచేయుట కష్టము. ఈ కష్టమును తీర్చుటకు గణాంకశాస్త్రము అనేక సాధనముల నొసగినది. అందు కై-వర్గ పరీక్ష యొకటి. దీనిని కార్ల్ పియర్సన్ అను ఆంగ్లేయ పండితుడు 1900 సంవత్సరమున ప్రకటించెను. గుణకార భాగహారములు వచ్చిన విద్యార్థి యెవడైనను దీనిని చేయగలడు. ఇంత సులభమగుటయే దీనియందలి అపాయమని మా యభిప్రాయము. సూత్రమును నేర్పుటకు ముందే, అది యెచ్చట చెల్లునో, యెచ్చట చెల్లదో నేర్పవలెను.

ఇది నల్లగొండ, మహబూబునగరము జిల్లాల వారికి దూరపు మాట కాదు. మన భూగర్భజలములలో ఫ్లోరైడు అనేక తావుల మితిమీరి యున్నది. దీనివలన కలుగు వ్యాధి మనదేశమున 1937లో నెల్లూరు జిల్లాయందు గుర్తింపబడెను. నల్లగొండ జిల్లాలోని వ్యాధిని గూర్చి 1955లో డాక్టరు సిద్దిఖీగారు బ్రిటిష్ మెడికల్ జర్నల్ పత్రికయందు వ్రాసిరి. పండ్లు గారపట్టుట, కీళ్లు బిగియుట, నడుము వంగుట మన గ్రామముల పెద్దలెరుగని సంగతులు కావు. పటిక, సున్నము కలిపి నీటినుండి ఫ్లోరైడును తీయు విధానమునకు మన జిల్లా పేరే వచ్చినది. ఇట్టి సీమలో “ఈ చూర్ణము వాడుడు, శాస్త్రీయముగా రుజువైనది” అని చెప్పువారు బయలుదేరినచో ఆశ్చర్యము లేదు. ఆ మాట నమ్మి మంచినీటి విషయమై అజాగ్రత్త చేసినచో, వంగిన బిడ్డ యెముకలను ఏ లెక్కయు తిరిగి చక్కచేయజాలదు.

ఉదాహరణమునకు ఒక పరీక్షను ఊహింతము. 24 మంది పిల్లలలో 12 మందికి చూర్ణమిచ్చిరి. 12 మందికి ఇయ్యలేదు. నెల గడచిన పిమ్మట చూర్ణము తిన్నవారిలో ఒక్కరికిని కీళ్లనొప్పి లేదు. తిననివారిలో నలుగురికి కలదు. కై-వర్గమును గుణించిన 4.8 వచ్చును. మందు వలన నిజముగా భేదమే లేనిచో, ఇట్టి పట్టికలో ఫలము 3.84ను మించుట నూటికి అయిదు మారులు మాత్రమే. కావున “మందు పనిచేసినది” అని చాటుదురు. అట్లు చాటుటకు ముందు నాలుగు ప్రశ్నలు అడుగవలెను.

మొదటిది: ఇవి మనుష్యుల లెక్కలా, కొలతలా? కై-వర్గము తలలను లెక్కించుటకే గాని కొలతలకు చెల్లదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2002లో ప్రకటించిన పరీక్షను చూడుడు. వసతిగృహ బాలురు 18 మంది దినమునకు 10 గ్రాముల చింతపండు తినగా, మూత్రముతో వెలువడు ఫ్లోరైడు దినమునకు 3.5 నుండి 4.8 మిల్లీగ్రాములకు పెరిగెను. ఇది కొలత, దీనికి వేరు పరీక్ష కావలెను. శాతములును పనికిరావు. పై ఉదాహరణమున పిల్లల సంఖ్యలకు మారుగా నూటికి ఇంతయని వేసినచో 4.8 కాస్త దాదాపు 40 అగును. పిల్లలు పెరుగలేదు; రుజువు మాత్రము పెరిగినట్లు కనబడును.

రెండవది: ఒక్కొక్కరు వేరువేరు సాక్షులా? అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచుదుము. ఏలయన కుండ యొక్కటే. అదే కుండనుండి ఇరువదినాలుగు మెతుకులు పట్టినను, తెలియునది ఒక్క కుండ సంగతియే. మన యూళ్లలో ఒక బోరుబావి నీటికిని, దాని ప్రక్కబావి నీటికిని ఫ్లోరైడు భేదించును. చూర్ణము తిన్న పన్నిద్దరు ఒక బావినీరును, తిననివారు మరియొక బావినీరును త్రాగినచో, తేలినది చూర్ణపు గుణమో, బావి గుణమో ఎవరు చెప్పగలరు? ఒక బిడ్డ పండ్లను విడివిడిగా లెక్కించి ఇరువదియెనిమిది సాక్ష్యములనుటయు ఇట్టి పొరపాటే.

మూడవది: ప్రతి గడియందు ఉండవలసిన సంఖ్య అయిదుకు తగ్గకున్నదా? కనబడిన సంఖ్య కాదు, భేదము లేనిచో ఉండవలసిన సంఖ్య. మన ఉదాహరణమున నొప్పి కలవారు మొత్తము నలుగురు. రెండు గుంపులు సమానములు. గుంపునకు ఇద్దరు చొప్పున ఉండవలెను. రెండు అయిదుకు తక్కువ. ఇట్టి చోట ఫిషర్ పండితుని నిశ్చిత పరీక్షను వాడవలెను. (ఈ ఫిషర్ వద్ద కేంబ్రిడ్జియందు శిష్యులైనవారే మన తెలుగువారగు సి. ఆర్. రావుగారు.) దానిచే గుణించినచో, మందు పనిచేయకున్నను ఇంతటి భేదము నూటికి తొమ్మిది మారులు కలుగవచ్చునని తేలును. ఇందాక రుజువైనదనుకొన్నది రుజువు కాలేదు.

నాలుగవది: ఎవరికి మందు, ఎవరికి లేదు అని నిర్ణయించినదెట్లు? చీట్లు వేసి పంచినచో సరే. దిట్టమైన పిల్లలను ఏరి మందిచ్చినచో, పిమ్మట చేసిన లెక్క యెంత శుద్ధమైనను నిష్ప్రయోజనము.

“పరీక్షలలో సూత్రమునే అడుగుదురు, ఈ ప్రశ్నల కెవరు మార్కులిత్తురు?” అని కొందరు ఉపాధ్యాయులనవచ్చును. కాలము చాలదనుట నిజమే. కాని తప్పు తావున సరిగా చేసిన లెక్క, చేయని లెక్కకంటె కీడు. చేయనివాడు తెలియదని యూరకుండును, చేసినవాడు తెలిసినదని పదిమందికి చెప్పును. కావున లెక్క క్రింద జవాబు వ్రాయుటకు ముందు, లెక్కపైన ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు వ్రాయించుట ఉపాధ్యాయుల విధి. వానికే సగము మార్కులీయవలెనని మా మనవి.

తలిదండ్రులకును ఒక మాట. ప్రశ్నలకు జవాబు దొరకనంత మాత్రమున మందు చెడ్డదని కాదు. దాని గుణము ఇంకను తెలియలేదని యర్థము. అది తెలియువరకు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడుగల నీటిని బిడ్డలకు త్రాగనీయకుండుటయే, ఏ పట్టికయు అక్కరలేని రక్షణము.