ఇరవై రెండు కంచెలు

గత సంచికలో ఈ శీర్షిక క్రింద పంపుల ప్రకంపనలను గురించి ముచ్చటించుకొన్నాము. అది చదివిన మన కాలనీ చిరంజీవి ఒకడు, "అంకుల్, ఈసారి యంత్రాలు వద్దు, ప్రాణమున్న వాటిని గురించి వ్రాయండి" అని కోరినాడు. కాదనలేక ఈ మాసం గుర్రాలను ఎన్నుకొన్నాము. పందెం కాయుటను గురించి ఇందులో ఏమీ ఉండదని ఇంటి పెద్దలకు ముందుగానే మనవి.

సూరత్‌లో నివసించే మనకు గుర్రం కనబడేది పెళ్ళి ఊరేగింపులోనే. తళుకుల జీను ధరించి, బ్యాండుమేళం హోరులోనూ బెదరక నడిచే ఆ వరఘోడో గుర్రమంటే పిల్లలకు ఎనలేని ముచ్చట. మొగలుల కాలంలో అరబ్బు దేశపు మేలుజాతి గుర్రాలు ఓడల మీద వచ్చి ఈ రేవులోనే దిగేవి. ఇక తెలుగువారికి గుర్రపు పందెమనగానే స్ఫురించేది హైదరాబాదులోని మలక్‌పేట. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో మౌలాలి నుండి పందాలను అక్కడికి తరలించినారు. అయితే మలక్‌పేటలో జరిగేవి చదునైన మైదానం మీది పరుగులు. అక్కడ గుర్రం మోసే బరువు సుమారుగా యాభై, అరవై కిలోల నడుమ ఉంటుంది. మేము చెప్పబోయేది అడ్డంకులను దూకుతూ సాగే పందెం.

ఇది ఐర్లండులో పుట్టినది. 1752లో కార్క్ సీమలో ఇద్దరు పెద్దమనుషులు ఒక ఊరి చర్చి గోపురం నుండి మరొక ఊరి చర్చి గోపురం వరకు, దారిలోని గోడలను, కాలువలను దూకుతూ గుర్రాలను పరుగెత్తించుకొన్నారట. ఇంగ్లీషులో గోపురాన్ని స్టీపుల్ అంటారు గనుక దానికి స్టీపుల్‌చేజ్ అను పేరు స్థిరపడినది. నేడు ఈ క్రీడకు తలమానికం ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్. ఏటా మార్చి మాసంలో నాలుగు రోజులు, ఇరవై ఎనిమిది పందాలు జరుగుతాయి.

దానికి ముందు వారాలలో అక్కడి పత్రికల నిండా అంచనాలే. ఏ గుర్రం గెలుస్తుందన్న చర్చతో పాటు, దానిపై ఎవరు కూర్చుంటారన్నది అంతకు మించిన చర్చ. ఒకే శాల నుండి రెండు మూడు మేటి గుర్రాలు ఒకే పందెంలో దిగినప్పుడు, ఆ శాల ప్రధాన జాకీ దేనిని ఎన్నుకొన్నాడన్నదే పెద్ద వార్త. అతడు వదిలివేసిన గుర్రమే గెలిచిన సందర్భాలూ లేకపోలేదు.

ఇంజనీరు బుద్ధి గనుక మేము ఈ అంచనాలను లెక్కవేసి చూచినాము. ఆఖరి రోజున జరిగే గోల్డ్ కప్ దూరం సుమారు 5.3 కిలోమీటర్లు, కంచెలు ఇరవై రెండు, ఒక్కొక్కటి నాలుగున్నర అడుగుల ఎత్తు. గుర్రం మోయవలసిన బరువు జీనుతో కలిపి 74 కిలోల పైచిలుకు. గంటకు ఇంచుమించు 45 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తి, చివరకు ఎత్తు ఎక్కి ముగించాలి. ఒక్కొక్క కంచె వద్ద తప్పటడుగు పడే అవకాశం నూటికి ఒకటే అనుకొందాము. ఇరవై రెండింటినీ నిరపాయంగా దాటే అవకాశం నూటికి ఎనభైకి దిగుతుంది. నూటికి రెండైతే అరవై నాలుగే. ఒకదాని వెనుక ఒకటి అమర్చిన యంత్రాలన్నీ సవ్యంగా నడిస్తేనే ప్లాంటు నడిచినట్లు గదా, ఇదీ అంతే.

2025 ఉత్సవం దీనికి చక్కని నిదర్శనం. తొలిరోజు ఛాంపియన్ హర్డిల్‌లో అందరి నోటా వినబడిన కాన్‌స్టిట్యూషన్ హిల్ నడుమనే పడిపోయినది. పాల్ టౌన్‌ఎండ్ స్వారీ చేసిన స్టేట్ మ్యాన్ అందరికంటే ముందుండి, గెలుపు ఖాయమనుకొన్న తరుణంలో ఆఖరి హర్డిల్ వద్ద కూలినది. ఎవరూ తలవని గోల్డెన్ ఏస్ విజేత అయినది. గోల్డ్ కప్‌లో వరుసగా మూడవసారి గెలవవలసిన గాలొపా దే షాం ఓడిపోయినది. ఓడించిన గుర్రం మొదటి జాబితాలోనే లేదు. ఆలస్యంగా 25,000 పౌండ్ల రుసుము చెల్లించి దానిని చేర్చినారు. దాని పేరు కూడ విడ్డూరమే: ఐ నో ద వే యువర్ థింకిన్. "నీ మనసులో ఏమున్నదో నాకు తెలుసు" అని అర్థం!

ఈ అంచనాలలో ఎవరూ వేయని లెక్క ఒకటున్నది. ఇంచుమించు పదిహేను, ఇరవై స్వారీలకు ఒకసారి జాకీ నేలపై పడతాడు. వెనుక నుండి అరటన్ను బరువున్న గుర్రాలు దూసుకు వస్తుంటాయి. ఆ కార్క్ సీమకే చెందిన మైకేల్ ఓ సల్లివన్ అను యువకుడు 2023లో చెల్టెన్‌హామ్ తొలిరోజుననే రెండు పందాలు గెలిచినాడు. అందులో ఒక గుర్రం మరీన్ నాసియొనాల్. 2025 ఫిబ్రవరి 6న ఐర్లండులోని థర్లెస్ మైదానంలో పడి, పది రోజుల తరువాత కన్నుమూసినాడు. వయస్సు ఇరవై నాలుగు. తరువాతి నెలలో అదే మరీన్ నాసియొనాల్ వేరొక జాకీతో ఛాంపియన్ చేజ్ గెలిచినది. ఆ గెలుపులో అందరూ తలచుకొన్నది అతడినే.

అందుచేతనే పరుగు వెంటనే అంబులెన్సు నడుస్తుంది. జాకీల జ్ఞాపకశక్తిని, చురుకుదనాన్ని ముందే పరీక్షించి నమోదు చేసి ఉంచుతారు. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరితే మరల పరీక్ష. ఆ అంకెలు పాతవాటితో సరిపోయేవరకు, డాక్టరు అనుమతి ఇచ్చేవరకు, ఎంతటి మేటి అయినా జీను ఎక్కరాదు. 2021లో గ్రాండ్ నేషనల్ గెలిచిన తొలి మహిళ రేచల్ బ్లాక్‌మోర్ 2024 సెప్టెంబరులో పడి మెడకు గాయమై మూడు మాసాలు ఆగవలసి వచ్చినది. తిరిగి వచ్చి 2025 మార్చిలో స్టేయర్స్ హర్డిల్ గెలిచి, మే నెలలో విరమించుకొన్నది.

ఈ నియమాన్ని చదివినప్పుడు మాకు మా సంగతే గుర్తుకు వచ్చినది. చాలా ఏండ్ల క్రిందట, వేరొక చోట, వార్షిక షట్‌డౌన్ పనులు జరుగుతుండగా పైపు ర్యాకు క్రింద వంగి లేస్తూ వాల్వుకు తల కొట్టుకొన్నాము. హెల్మెట్ ఉన్నది గాని పట్టీ బిగించలేదు, అది జారిపోయినది. నెత్తురు రాలేదు గనుక ఎవరికీ చెప్పలేదు. రెండు గంటల తరువాత వర్క్ పర్మిట్‌పై సంతకం చేసి ఇచ్చినాము. ఫిట్టరు దానిని అటూ ఇటూ త్రిప్పి చూచి, "సార్, బీ పంపు నడుస్తున్నది కదండీ, విప్పమన్నది ఏ పంపు కదా?" అన్నాడు. చూస్తే నిజమే. మా అక్షరాలతో మేమే బీ అని వ్రాసి ఉన్నాము. వ్రాసినట్లు గుర్తు కూడ లేదు.

షిఫ్టు ఇన్‌చార్జి మమ్మల్ని ప్రథమ చికిత్సా కేంద్రానికి పంపబోతే, "మాకేమీ కాలేదు" అని వాదించినాము. ఆయన వినిపించుకోలేదు, మా చేతిలోని పర్మిట్ పుస్తకం తీసికొని జీపు ఎక్కించినారు. ఆనాడు ఆయనపై చాలా కోపం వచ్చినది. ఆ ఫిట్టరుకు కృతజ్ఞత చెప్పడానికి మాత్రం వారం రోజులు పట్టినది.

వచ్చే సంచికలో తిరిగి పంపుల వద్దకే వెళదాము. బేరింగుల సంగతి మిగిలి ఉన్నది.