పుట్టీ కింద తడి



ఈమధ్య మన పిల్లలకు కొత్త షౌక్ ఒకటి పట్టుకుంది. ఫోన్లో అమెరికా వీడియోలు చూస్తున్నారు. అక్కడెవరో మియా బీవీ తుప్పు పట్టిన పాత ట్రైలర్ కొంటారు. ఆరు నెలలు గీకి, రివిట్లు మార్చి, లోపల మంచం, పొయ్యి, పరదాలు పెట్టి, కారు వెనక తగిలించుకుని ఊళ్ళు తిరుగుతారు. వెండిలా మెరిసే ఆ ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్లు 1930లలోనే మొదలయ్యాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ కారు వెనక ఇల్లు తగిలించుకుని వన్ టౌన్ సందుల్లో మలుపు తిప్పమనండి చూద్దాం! మన దగ్గర ఆ షౌక్ తీరాలంటే పాత వ్యానే దిక్కు. అందులోనూ మెటడోర్.

మెటడోర్ అంటే నా వయసు వాళ్ళకు చెప్పక్కర్లేదు. బజాజ్ టెంపో వాళ్ళ బండి, ఆ కంపెనీయే ఇప్పుడు ఫోర్స్ మోటార్స్. నికాకి బరాత్ అందులోనే వెళ్ళేది, వలీమాకి దేగ్‌లు అందులోనే వచ్చేవి, ఉర్సుకి ఖాన్‌దానంతా అందులోనే ఇరుక్కునేది. రెండేళ్ళ కిందట నేనూ ఒకటి కొన్నాను. బండికి ఓనర్ని అవడం నాకు అదే మొదటిసారి. అమ్మీకి మోకాళ్ళ నొప్పులు. కసుమూరు జియారత్‌కి వెళ్ళాలన్నా, గుల్బర్గా వెళ్ళాలన్నా ఆమె కాళ్ళు చాపుకోవాలి, దారిలో కూర్చునే నమాజ్ చేసుకోవాలి. అదీ నా నియ్యత్.

ఈ షౌక్ గురించి నాకు గట్టి అభిప్రాయం ఒకటుంది. పాత బండిని బాగుచేయడం వేరు, దాని ఐబ్ కప్పేయడం వేరు. మనవాళ్ళు చాలామంది రెండోదానికి డబ్బు పోసి మొదటిది చేశామనుకుంటున్నారు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఎన్ని బండ్లు మునిగాయో మీరంతా చూశారు. మునిగిన బండి అమ్మడం గునా కాదు. మునిగిందని చెప్పకుండా అమ్మడమే గునా. నేను కొనబోయి వదిలేసిన ఒక బండి చెబుతాను. కొత్త తెల్ల రంగు, కొత్త రెగ్జిన్, లోపల గుప్పుమనే సెంటు. నాకైతే నచ్చేసింది. ఆటోనగర్ నుంచి నాతో వచ్చిన మిస్త్రీ చాచా మాత్రం రంగు వైపు చూడనే లేదు. సీటు పట్టాల కింద వేలు పెట్టి రాసి, వేలికి అంటిన మెత్తటి ఒండ్రు చూపించాడు. హెడ్‌లైటు విప్పితే దాని వెనకా అదే మట్టి. తర్వాత జేబురుమాల్లో అయస్కాంతం చుట్టి చక్రం పైనున్న రేకుకి ఆనించాడు. అంటుకోలేదు. అంటే అక్కడ ఇనుము లేదు, పుట్టీ ఉంది.

“చాచా, రంగు మాత్రం బాగుందిగా” అన్నాను, ఇంకా ఆశ చావక.

“రంగుకే ఇస్తావా బేటా పైసలు?” అన్నాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చిన వాకిఅ మీలో చాలామంది జుమ్మా ఖుత్బాలో విన్నదే. బజారులో ఒక ధాన్యం కుప్పలో హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ చెయ్యి పెట్టి చూస్తే లోపల వేళ్ళకు తడి తగిలింది. వాన పడి తడిసిందన్నాడు అమ్మేవాడు. మరి ఆ తడి జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. మనం కృష్ణా డెల్టా వాళ్ళం. తడిసిన వడ్లు అడుక్కి తోసి ఎండినవి పైన పోస్తే ఏమవుతుందో మనకెవరూ నేర్పనక్కర్లేదు. బండికి పుట్టీ పూయడమూ అదే పని. ఫిఖహ్‌లో దీనికి ఖియారె ఐబ్ అని పేరే ఉంది. అమ్మేవాడు దాచిన లోపం బయటపడితే సరుకు తిరిగిచ్చే హక్కు కొన్నవాడిది.

అమ్మేవాళ్ళనే అంటే ఇన్సాఫ్ కాదు. కొన్నాక మనల్ని మనమే దగా చేసుకుంటాం. తుప్పు మీద పుట్టీ పెడితే తుప్పు ఆగదు. లోపల తడి పట్టి ఉంటుంది, ఇనుము ఉబ్బుతుంది, రెండు వానాకాలాలు తిరిగేసరికి రంగు బుడగలు లేస్తుంది. మన ఊళ్ళో గాలే చెమట పడుతుంది, బందరు వైపు వెళితే ఉప్పుగాలి కూడానూ. సరైన పని ఏమిటంటే, పాడైన రేకును మంచి ఇనుము వచ్చేదాకా కోసి తీసేయడం, కొత్త రేకు వెల్డింగ్ చేయడం, జింక్ ప్రైమర్ కొట్టడం, అతుకులకు సీలర్ పెట్టడం. ఆ తర్వాతే పుట్టీ, అదీ పల్చగా. ఈ పని ఫోటోల్లో కనిపించదు, ఇంటికొచ్చిన చుట్టాలు మెచ్చుకోరు. అందుకే జనం నేల మీద కొత్త ప్లైవుడ్ పరిచి, దాని మీద మ్యాట్ వేసి, రంగురంగుల లైట్లు పెట్టి మాషాఅల్లాహ్ అనిపించుకుంటారు. ఆ ప్లైవుడ్ కింద చిల్లులు అలాగే ఉంటాయి.

నా హిసాబ్ చెబుతాను. నేను పెట్టిన ప్రతి 10 రూపాయల్లో 7 కంటికి కనిపించని చోటే పోయాయి. కింది ఇనుము, బ్రేకులు, కమాను కట్టలు, పైకప్పు అంచున నీళ్ళు జారే గాడి, పాత వైర్లు. టైర్లు పైకి కొత్తవిలాగే ఉన్నాయి కానీ పక్కనున్న నాలుగంకెలు చూస్తే అసలు వయసు తెలిసింది. 2316 అంటే 2016లో 23వ వారం. మార్చేశాను. పరదాలు, పరుపు, జానమాజ్ పెట్టుకునే అర, వుజూకి 20 లీటర్ల నీళ్ళ క్యాన్ చివర్లో వచ్చాయి. అవి మా ఆవిడ చూసుకుంది, నాకంటే తక్కువ ఖర్చులో. గ్యాస్ పొయ్యి లోపల పెట్టమని మా వాళ్ళు గొడవ చేశారు. నేను ఒప్పుకోలేదు. వంట గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే నేల మీద పరుచుకుంటుంది, ఆ నేల మీదే పిల్లలు పడుకుంటారు. చాయ్ ఏదో చెట్టు కింద ఆగి పెట్టుకుందాం.

కాగితాల సంగతి చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. అమానత్ అన్నది రోడ్డు మీద కూడా ఉంటుంది. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, ఆపైన అయిదేసి ఏళ్ళకు రెన్యువల్. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్ళు దాటిన కారు తరగతి బండికి ఆ ఫీజు 10,000 రూపాయలు. నాది వింటేజ్ అని చెప్పుకుంటే కుదరదు, 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండికే ఆ పేరు, దాన్నీ రోజూ తిప్పడానికి వీల్లేదు. ఇక కప్పు కోసి ఎత్తు పెంచడం, బాడీ పొడిగించడం లాంటివి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తాయి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా తేల్చింది. నేను బాడీ ముట్టుకోలేదు. మంచం నాలుగు బోల్టులు విప్పితే బయటికొస్తుంది.

అసలు నా తకలీఫ్ మజ్దూరీ దగ్గర. స్పీకర్లకు అడిగినంతా ఇచ్చేవాడు, రెండు రోజులు బండి కింద వెల్లకిలా పడుకుని కంట్లో తుప్పు రాల్చుకున్న టింకరింగ్ మనిషి దగ్గర 200 రూపాయలకు బేరమాడతాడు. మజ్దూరీ గురించిన హదీసు మనందరికీ నోటికొచ్చు. ఆ బేరానికి జడిసే ఆయన పుట్టీ పూసి పంపిస్తాడు, ఇంకేం చేస్తాడు? మన బెజవాడ ఆటోనగర్ పేరు రాష్ట్రాలు దాటి వెళ్ళింది, అందులో మన సాయిబుల చేతులు ఎన్నో ఉన్నాయి. కానీ రిష్తా వచ్చినప్పుడు చూడండి. “అబ్బాయి ఏం చేస్తాడు?” “ఆటోనగర్లో టింకరింగ్.” అంతే, ఖాలా మొహం మారిపోతుంది, చాయ్ చల్లారిపోతుంది. అదే అబ్బాయి ఏదో షోరూములో టై కట్టుకుని, అందులో సగం జీతానికి నిలబడితే రిష్తా ఖాయం. చాచా కొడుకు కూడా ఆ పని నేర్చుకోలేదు. పదేళ్ళు పోతే ఇనుము కోసి అతికే హునర్ ఎవరి దగ్గర ఉంటుంది?

నేను చాచాతో ముందే ఒక మాట అనుకున్నాను. అడిగిన మజ్దూరీ ఇస్తాను, పుట్టీ పెట్టే ముందు ప్రతి చోటా ఫోటో తీసుకోనివ్వాలి. ఆయన నవ్వి, ఇలా అడిగినవాడివి నువ్వొక్కడివే అన్నాడు. ఆ ఫోటోలు, బిల్లులు, తారీఖులు అన్నీ ఒక నోట్‌బుక్‌లో అతికించాను. మొదటి పేజీలో చేయించిన పనులు కాదు, చేయించలేకపోయినవి రాశాను: పక్క తలుపు కింది అంచున తుప్పు, నాలుగో గేరు దగ్గర చప్పుడు, ఎడమ వెనక కిటికీలోంచి గట్టి వానకు నీళ్ళు. ఈ బండి అమ్మే రోజు వస్తే తాళాల కంటే ముందు ఆ పేజీ ఇస్తాను.